వెనక్కొచ్చిన 14 చొక్కాలు: తప్పు ఉతుకుడిదా, ప్రింటుదా?

ఫోనెత్తగానే, మా షాపులో చొక్కాల మీద ప్రింటు వేయించుకున్న పరుగు క్లబ్బు ఆవిడ అన్న మొదటి మాట, "ప్రింట్లు పోతున్నాయండీ" అని. ఆలోచించకుండా నా నోట్లోంచి వచ్చిన మాట, "ఎలా ఉతికారండీ?" అని.

ప్రింటింగ్ పనిలో ఉన్నవాళ్లని నిద్రలో లేపి చెప్పినా ఇదే అడుగుతారు. ప్రింటు పోయిందంటే మా అనుమానం ముందు ఉతికినవాళ్ల మీదికే పోతుంది. ఆవిడ ఒక్క క్షణం ఆగి, "మీరు కవర్లో పెట్టిన చీటీలో ఎలా ఉందో అలాగే ఉతికారండీ మావాళ్లు" అన్నారు. చీటీలో ఏముందో గుర్తుందా అని అడిగాను. "ఏమోనండీ, కవరుతోపాటే పోయింది కదా" అన్నారు.

అంటే చీటీ ఎవరూ చదవలేదన్నమాట. ఆ పూటకి నేనే గెలిచాననుకున్నాను. రెండు రోజుల తర్వాత ఆవిడ ఓ పెద్ద సంచీ తెచ్చి నా బల్ల మీద బోర్లించాక ఆ గెలుపు కాస్తా ఆవిరైపోయింది.

ఆర్డరు ఆ పరుగు క్లబ్బుది. మొత్తం 160. అందులో 100 లేత బూడిద రంగు కాటన్ టీషర్టులు, ఛాతీ మీద ముదురు నీలం లోగో, వాటర్ బేస్డ్ ఇంకుతో స్క్రీన్ ప్రింటు. మరో 40 ఎర్ర పాలిస్టర్ జెర్సీలు, వీపు మీద తెల్ల అంకె, కింద పేరు, అవి డీటీఎఫ్, అంటే ముందు ఫిల్మ్ మీద అచ్చు వేసి, తర్వాత వేడితో బట్టకి అతికించేవి. మిగతా 20 నల్ల హుడీలు, కాటన్ పాలు ఎక్కువున్న మందపాటి ఫ్లీస్, వీపు నిండా తెల్ల ప్లాస్టిసాల్ ప్రింటు. మూడు రకాల బట్ట, మూడు రకాల ఇంకు. కవర్లో పెట్టిన చీటీ మాత్రం ఒక్కటే, అదీ ఎప్పుడో రాయించి వేలల్లో అచ్చు వేయించుకున్నది.

ఇచ్చిన ఐదు వారాలకి 14 వెనక్కొచ్చాయి. హుడీలు 6, టీషర్టులు 5, జెర్సీలు 3.

ఈసారి ముందు ఎవర్నీ ఏమీ అడగకూడదనుకున్నాను. ఎలా ఉతికారని అడిగితే ఎవరైనా మంచిగానే ఉతికామని చెప్తారు. పోయిన ప్రింటు అబద్ధం చెప్పదు. అది ఎలా పోయిందో చూస్తే ఎందుకు పోయిందో చాలావరకు అదే చెప్తుంది. పగిలిందా, పొరగా లేచిందా, వెలిసిందా, నెరిసిందా, వేరే రంగుకి తిరిగిందా? ఒక్కో దానికి కారణం వేరు. అందుకని 14నీ ఎవరివి ఏవని చూడకుండా, పోయిన తీరును బట్టి కుప్పలు పెట్టాను.

హుడీలు: పచ్చి ప్రింటు

మొదటి కుప్పకి పెద్ద తెలివి అక్కర్లేకపోయింది. ఆరింటికీ ఒకటే జబ్బు. తెల్ల ప్రింటు ఎండిన చెరువు అడుగులా బీటలు వారింది. రెండు బొటనవేళ్లతో అటూ ఇటూ కాస్త లాగితే కొత్త బీట పడుతోంది, వదిలేస్తే మూసుకోవడం లేదు. అక్కడక్కడా గోరుతో గీకితే పెచ్చులుగా వస్తోంది. పెచ్చు ఊడిన చోట బట్ట నల్లగా, శుభ్రంగా ఉంది, ఇంకు జాడే లేదు. అసలు కథంతా ఆ శుభ్రతలోనే ఉంది. ఇంకు నూలులోకి దిగి పట్టుకుని ఉంటే, పైపొర అరిగినా అడుగున తెల్ల మరక మిగిలేది. ఇక్కడ ఏమీ మిగల్లేదంటే అది ఎప్పుడూ పట్టుకోనేలేదని.

ప్లాస్టిసాల్ అంటే పీవీసీ రేణువుల్ని ప్లాస్టిసైజర్ నూనెలో కలిపిన ముద్ద. అందులో నీళ్లుండవు కాబట్టి అది గాలికి ఆరదు. పొర పైనుంచి అడుగు దాకా సుమారు 160 డిగ్రీల సెంటిగ్రేడ్ అందితేనే రేణువులు నూనెని పీల్చుకుని, కరిగి, ఒకే పొరగా అతుక్కుంటాయి. ఇందులో మోసం చేసేది ఏమిటంటే, దాదాపు 100 డిగ్రీల దగ్గరే అది ముట్టుకుంటే అంటకుండా అయిపోతుంది. చేత్తో చూస్తే ఆరినట్టే. అన్నం మెతుకు పైకి ఉడికినట్టుండి లోపల పలుకు మిగిలినట్టు. మా షాపులో దీన్ని పచ్చి ప్రింటు అంటాం. కొత్తగా ఉన్నన్నాళ్లు దానికీ, ఉడికిన ప్రింటుకీ తేడా కనబడదు. మూడో ఉతుకో నాలుగో ఉతుకో తేడా చెప్తుంది.

అనుమానం తీర్చుకోవడానికి ఈథైల్ ఎసిటేట్ పరీక్ష చేశాను. ప్రింటు మీద నాలుగు చుక్కలు వేసి, పైన రంగు గుడ్డ ముక్క పెట్టి, బరువు కింద కొన్ని నిమిషాలు ఉంచి తీస్తే, పచ్చిదైతే ఇంకు గుడ్డకి అంటుతుంది. తీసి చూస్తే లోగోలో సగం గుడ్డ మీదే ఉంది. నా దగ్గర మిగిలిన ఒక హుడీకీ, అంటే ఒక్కసారి కూడా నీళ్లు తగలని దానికీ, అదే చేశాను. దానిదీ అంటింది. ఇక ఉతుకుడుని అనడానికేముంది?

అయితే పచ్చిగా ఎందుకు మిగిలింది? చొక్కాలు బెల్టు మీద కదులుతూ వెళ్తే ప్రింటు ఉడికే ఓవెన్ పాడవలేదు. అదే రోజు అదే బెల్టు మీద వేరే ఆర్డరు టీషర్టులు వెళ్లాయి, వాటి మీద ఒక్క ఫిర్యాదు లేదు. మా కుర్రాడు హుడీలని కూడా టీషర్టు వేగంతోనే పంపించాడు. పంపొద్దని నేను చెప్పలేదు కాబట్టి ఆ తప్పు వాడిది కాదు. పైగా అప్పుడు వారం రోజులుగా ముసురు. హుడీల అట్టపెట్టెలు రెండు రోజులు మూతలు తీసి ఉన్నాయి. కాటన్ గాలిలోని తేమని బాగా పీలుస్తుంది. మామూలు వాతావరణంలోనే తన బరువులో 8.5 శాతం దాకా నీరు పట్టి ఉంచుకుంటుంది. పాలిస్టర్ అయితే 0.4 శాతమే. ముసురులో కాటన్ ఇంకా పీలుస్తుంది. మందపాటి ఫ్లీస్‌లో ఆ నీరంతా ఆవిరయ్యేదాకా బట్ట వేడెక్కదు. ఓవెన్‌లో ఉన్న నిమిషంలో సగం నీళ్లు కాచడానికే పోయింది. వేడి పైనుంచి వస్తుంది కాబట్టి ఇంకు పైపొర ఉడికింది, బట్టని పట్టుకోవాల్సిన అడుగుపొర పచ్చిగా ఉండిపోయింది.

నేను ఇన్నాళ్లూ నమ్ముకున్నది లేజర్ చుక్క పడే థర్మామీటరుని. అది పైపొర వేడే చెప్తుంది. ఈ గొడవయ్యాక సన్నటి తీగల థర్మోకపుల్ ప్రోబ్ కొని, ఇంకు మీద ఆనించి బెల్టు మీద పంపాను. టీషర్టు మీద 162 చూపించింది. అదే వేగంలో, తేమ పట్టిన హుడీ మీద 138 దాటలేదు. లేజరు మాత్రం రెండింటికీ 160 పైనే అంది.

హుడీలు 20 కూడా వెనక్కి తెప్పించాను. బీటలు పడనివి 14 ఉన్నాయి. పచ్చి ప్లాస్టిసాల్‌కి ఒక సుగుణం ఉంది, పగలనంతవరకు దాన్ని మళ్లీ ఉడికించొచ్చు. ముందు హీట్ ప్రెస్ కింద తేమ తోలి, బెల్టు వేగం తగ్గించి మళ్లీ పంపితే నిలబడ్డాయి. పగిలిన 6 మాత్రం కొత్త హుడీలు కొని, కొత్తగా ప్రింటు వేసి ఇచ్చాను. పగిలినదాన్ని ప్రెస్ కింద నొక్కితే కాసేపు కలిసినట్టు కనబడుతుంది. అలా నొక్కి ఇచ్చేసేవాళ్లూ ఉన్నారు. నేనూ ఒకప్పుడు ఇచ్చాను, ఒప్పుకుంటున్నాను.

టీషర్టులు: వెలిసింది కాదు, నెరిసింది

నన్ను ఎక్కువ రోజులు తిప్పలుపెట్టినవి ఇవే. ఐదింటిలో ఒకదాని సంగతి క్షణంలో తేలిపోయింది. బూడిద రంగు బట్ట మీద నారింజ ఛాయలో మచ్చలు, ప్రింటు చెక్కుచెదరలేదు. అది క్లోరిన్ బ్లీచ్ పని. తెల్ల తువ్వాళ్లతో కలిపి వేశారట. పక్కన పెట్టేశాను.

మిగతా నాలుగూ చూస్తే ముదురు నీలం లోగో పాతబడి తెల్లబోయినట్టుంది. ఎవరు చూసినా రంగు వెలిసిందనే అంటారు. క్లబ్బావిడ కూడా "నాసిరకం రంగు వాడారేమో" అని మొహమాటపడుతూనే అన్నారు. నాకూ మొదట అదే భయం. వాటర్ బేస్డ్ ఇంకులో నీళ్లు పూర్తిగా పోయి, ఆపైన రంగుని బట్టకి పట్టించే బైండర్ గట్టిపడాలి. దానికి వేడితోపాటు సమయమూ ఎక్కువే కావాలి. అక్కడా తప్పు చేశానా అనుకున్నాను.

అనుకోకుండా చెయ్యి తడిగా ఉండి లోగో మీద వేలు పడింది. వేలు పడినంత మేర ముదురు నీలం, కొత్తదానిలా నిగనిగలాడుతూ, తిరిగొచ్చింది. ఆరాక మళ్లీ తెల్లబోయింది. నిజంగా వెలిసిన రంగు అలా వెనక్కి రాదు. భూతద్దం పెట్టి చూశాను. ఇంకు ఎక్కడిదక్కడే ఉంది. దాని మధ్యలోంచి నూగులా సన్నటి నూలుపోగులు, వేలకి వేలు, లేత బూడిద రంగులో పైకి లేచి నిలబడ్డాయి. నల్ల జుట్టులో తెల్ల వెంట్రుకలు కలిసినట్టు. తడిస్తే ఆ పోగులు పడుకుంటాయి, రంగు కనిపిస్తుంది. ఆరితే లేస్తాయి. వెలవడం కాదిది, నెరవడం. ఆ రోజు నుంచి మా షాపులో ఆ మాటే వాడుతున్నాం. మీ దగ్గరికి ఎవరైనా వెలిసిన ప్రింటు తెస్తే ముందు వేలు తడిపి చూడండి.

నెరవడానికి కారణం రాపిడి. నీళ్లలో నానిన కాటన్ ఒకదానితో ఒకటి రుద్దుకుంటే దారంలోంచి పోగుల కొనలు బయటికొస్తాయి. ప్రింటు బయటికి ఉంటే ఆ రాపిడంతా దాని మీదే పడుతుంది. చొక్కాని తిరగేస్తే ప్రింటు లోపలికి పోతుంది, రాపిడి వెనకవైపు బట్ట తీసుకుంటుంది. తిరగేసి ఉతకండని చీటీల మీద అందరం రాస్తాం. రంగు పోకుండా అని మాత్రమే తెలుసు నాకు, పోగులు లేవకుండా అని ఇన్నేళ్లలో ఒక్కరూ చెప్పలేదు.

మాట మీద నమ్మకం లేక సొంతంగా ఉతికి చూశాను. అదే లాటులో కొంచెం వంకరగా ప్రింటు పడి పక్కన పెట్టినవి నాలుగు ఉన్నాయి. ఒకటి ఉతకకుండా సొరుగులో పెట్టాను. రెండోది తిరగేసి, చల్లటి నీళ్లలో, మిషను డ్రమ్ము మూడొంతులు నింపి. మూడోది తిరగెయ్యకుండా, రెండు జీన్సు ప్యాంట్లతో, 40 డిగ్రీల్లో, డ్రమ్ము కుక్కి. నాలుగోది చేత్తో, సబ్బుబిళ్ల రుద్ది, కాలరుకి పెట్టినట్టే ప్రింటు మీదా బ్రష్ పెట్టి. మిషన్లో వేసేవాటికి పదేసి ఉతుకులు. ఇంట్లో మా ఆవిడ మొదటి వారం నవ్వింది, రెండో వారం విసుక్కుంది.

పది ఉతుకుల తర్వాత రెండోదాన్ని సొరుగులోదాని పక్కన పెడితే ఏది ఏదో మా కుర్రాడు చెప్పలేకపోయాడు. మూడోది నాలుగో ఉతుకుకే అక్షరాల అంచుల దగ్గర మొదలుపెట్టి, పదో ఉతుకుకి మొత్తం నెరిసిపోయింది, వెనక్కొచ్చిన నాలుగింటిలాగే. నన్ను ఆశ్చర్యపరిచింది నాలుగోది. పదిదాకా అక్కర్లేకపోయింది. బ్రష్ పెట్టిన మూడు ఉతుకులకే మూడోదాని పది ఉతుకుల స్థితికి వచ్చింది. చేత్తో ఉతికితే బట్టకి మంచిదని అందరికీ ఒక నమ్మకం. బ్రష్ లేకుండా, మెలితిప్పకుండా ఉతికితే నిజమే.

తర్వాత ఆవిడ ద్వారా ఆ నలుగురినీ అడిగాను. ముగ్గురు తిరగెయ్యలేదు. నాలుగో ఆయన తిరగేశాడు కానీ ఛాతీ మీద చెమట వాసన పోవడానికి లోగో మీదే బ్రష్ కొట్టి, ఆ తర్వాత తిరగేసి మిషన్లో వేశాడు.

అయితే ఇది పూర్తిగా వాళ్ల తప్పని కూడా అనలేను. నేను కొన్నది కార్డెడ్ నూలు బట్ట. దువ్వెన పట్టి పొట్టిపోగులు తీసేసిన కోంబ్డ్ నూలు అయితే నూగు సహజంగానే తక్కువ. కోంబ్డ్ కొంటే కొటేషను పెరుగుతుందని నేనే కార్డెడ్ రాశాను. లేత బట్ట మీద ముదురు ప్రింటు అడిగినప్పుడే ఈ మాట చెప్పి ఉండాల్సింది. బట్టదీ ఇంకుదీ దగ్గర రంగులైతే నెరిసినా కనబడదు.

డిటర్జెంట్ల గురించి ఇక్కడే ఒక మాట. కొన్ని పొడి డిటర్జెంట్లలో ఆక్సిజన్ బ్లీచ్ ఉంటుంది, సోడియం పెర్‌కార్బొనేట్ రూపంలో. నీళ్లు వేడెక్కే కొద్దీ దాని పని పెరుగుతుంది. ద్రవ డిటర్జెంట్లలో, అందులోనూ రంగుబట్టల కోసమని అమ్మేవాటిలో, అది ఉండదు. ప్రింటున్న బట్టలకి అవే మేలు. కొన్నింటిలో సెల్యులేజ్ అనే ఎంజైమ్ కూడా వేస్తారు, అది కాటన్ మీద లేచిన నూగుని కొరికేస్తుంది. నెరిసిన ప్రింటుకి అది ఒకరకంగా క్షవరం చేసినట్టే. కానీ దాన్ని నమ్ముకుని తిరగెయ్యడం మానొద్దు.

నెరిసినవాటికి షాపులో చేయగలిగింది తక్కువ. బేకింగ్ కాగితం వేసి హీట్ ప్రెస్ కింద నొక్కితే పోగులు పడుకుంటాయి, మళ్లీ ఉతికేదాకా బాగుంటుంది. నొక్కి ఇచ్చాను, ఉతికితే మళ్లీ లేస్తాయని చెప్పే ఇచ్చాను.

జెర్సీలు: మూడింటికి మూడు కథలు

ఒకదాని వీపు మీద 27 అంకెలో 7 మెరుస్తోంది. పక్కనున్న 2 మామూలుగా మందంగా ఉంటే, 7 మాత్రం అద్దంలా చదునుగా అయిపోయి, ఒక మూల బట్టకి బదులు ఇస్త్రీపెట్టెకి అంటుకుని సాగినట్టుంది. సందేహమే లేదు, ప్రింటు మీదే ఇస్త్రీ చేశారు. డీటీఎఫ్‌లో ఇంకుని బట్టకి అతికించేది వేడికి కరిగే జిగురుపొడి. హీట్ ప్రెస్‌లో 150 డిగ్రీల దగ్గర కరిగి పట్టుకుంటుంది కదా, ఇస్త్రీపెట్టె కింద మళ్లీ మెత్తబడుతుంది. దానికి ప్రెస్ ఏదో ఇస్త్రీపెట్టె ఏదో తెలియదు.

ఆ అబ్బాయి ఫోన్లో అన్నమాట నాకు చెంపదెబ్బలా తగిలింది. "మెడ దగ్గర లేబుల్ మీద ఇస్త్రీపెట్టె బొమ్మలో ఒక చుక్క ఉంది సార్, తక్కువ వేడి పెట్టే చేశాను." లేబుల్ చూశాను. ఉంది. ఐఎస్ఓ 3758 ప్రకారం వేసే ఆ ఐదు బొమ్మలు, తొట్టి, త్రికోణం, చతురస్రం, ఇస్త్రీపెట్టె, వృత్తం, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అయితే ఆ లేబుల్ కుట్టింది ఉత్త జెర్సీ తయారుచేసినవాళ్లు. దాని మీద తర్వాత ఏం అతికిస్తారో వాళ్లకేం తెలుసు? లేబుల్ బట్ట గురించి చెప్పింది, ప్రింటు గురించి చెప్పాల్సింది నేను. నేను చెప్పింది చెత్తబుట్టలో ఉంది. సాదా చొక్కా కొని ప్రింటు వేసే ప్రతి షాపులోనూ ఇదే పరిస్థితి. కొన్నవాళ్లు లేబుల్‌ని నమ్మి చేసిన పని మనకి తప్పుగా కనబడుతుంది.

రెండోదానిలో పేరు చివరి అక్షరం అంచు లేచి, గోరు దూరేంత సందు ఉంది. దీంట్లో ఇద్దరిదీ వాటా. ఆదివారం పరుగుకి కావాలని శనివారం సాయంత్రం జెర్సీలు తీసుకెళ్లారు. ఈవిడ కొత్త బట్ట వాసన పోవాలని ఆ రాత్రే వేడినీళ్లలో, సాఫ్ట్‌నర్ వేసి నానబెట్టింది. అతికించినవేవైనా, డీటీఎఫ్ గానీ వినైల్ గానీ, కనీసం 24 గంటలు ఆగి నీళ్లు తగిలించాలి. సాఫ్ట్‌నర్ బట్ట మీద పలచటి జిడ్డుపొర వదులుతుంది. జిగురుతో అతికిన బొమ్మలకి అది మంచిది కాదు, చెమట పీల్చాల్సిన జెర్సీకి అసలే మంచిది కాదు. ఇక నా వాటా. ఫిల్మ్ తీశాక రెండోసారి కాగితం వేసి నొక్కాలి, జిగురు నేతలోకి దిగుతుంది. శనివారం తొందరలో చివరి పది జెర్సీలకి ఆ రెండో నొక్కుడు వెయ్యలేదని నా డైరీలోనే ఉంది. ఆవిడ జెర్సీ ఆ పదిలోదే. కాగితం పెట్టి మళ్లీ నొక్కితే అతుక్కుంది.

మూడోది గులాబీ రంగు. తెల్ల 41 కాస్తా లేత గులాబీ 41 అయింది. వేరే ఎర్ర బట్టతో కలిపి ఉతికారని మా కుర్రాడు. కానీ వేరే బట్ట రంగు అంటితే ఎక్కడ పడితే అక్కడ మచ్చలుగా అంటుతుంది, అంకెలో మాత్రమే, అంత సమానంగా ఎలా వస్తుంది? ఆ ఎరుపు వచ్చింది జెర్సీలోంచే. పాలిస్టర్‌కి వేసేవి డిస్పర్స్ రంగులు. గట్టి వేడి తగిలితే అవి ఆవిరై కదులుతాయి, పైనున్న తెల్లపొరలోకి చేరతాయి. ఎరుపు, మెరూన్ బట్టలు ఇందులో అందరికంటే అల్లరివి. నొక్కినప్పుడు తెల్లగానే ఉంటుంది. గంటలకో రోజులకో గులాబీ పైకి తేలుతుంది. అప్పటికి ఒకటి రెండు ఉతుకులు అయి ఉంటాయి కాబట్టి నింద ఉతుకుడు మీద పడుతుంది. రుజువు కూడా నా అల్మారాలోనే దొరికింది. అదనంగా చేసిన రెండు జెర్సీలు కవరు కూడా విప్పకుండా ఉన్నాయి. తీసి చూస్తే వాటి అంకెలూ గులాబీయే.

దీనికి ఉతికేవాళ్లు చేయగలిగేది ఏమీ లేదు. చెయ్యాల్సింది నేను. తక్కువ వేడికి కరిగే పొడి వాడాలి, లేదా రంగుని అడ్డుకునే పొర ఉన్న ఫిల్మ్ వాడాలి. లేదంటే ముందే తెల్ల జెర్సీ తీసుకుని ఎరుపుతో సహా మొత్తం సబ్లిమేషన్‌లో వెయ్యాలి. సబ్లిమేషన్‌లో రంగు పాలిస్టర్ పోగు లోపలికే దిగుతుంది. పైన పొరే లేదు కాబట్టి పగలడం, లేవడం ఉండదు. ఉతకడానికి అంత నిశ్చింతైన ప్రింటు ఇంకోటి లేదు. దానికీ గట్టి ఇస్త్రీ మాత్రం పడదు, రంగు లేచి కిందనున్న గుడ్డకి అంటుతుంది.

లెక్క, చీటీ

పద్నాలుగింటిలో 7 పూర్తిగా నావి, 6 హుడీలు, ఒక గులాబీ జెర్సీ. ఒకటి చెరిసగం. నెరిసిన 4, బ్లీచ్ పడ్డది 1, ఇస్త్రీ తగిలినది 1, ఈ ఆరూ ఉతుకుడువి. కానీ ఆ ఆరింటిలో ఐదు, సరైన మాట సరైన చోట రాసి ఉంటే జరిగేవి కావు. బ్లీచ్ కొట్టినాయనకి మాత్రం ఎక్కడ రాసినా లాభం లేదు.

పాత చీటీ తీసి చదివితే నాకే నవ్వొచ్చింది. డ్రై క్లీనింగ్ వద్దని ఉంది. అది నిజమే, ఆ ద్రావకాలు ప్లాస్టిసాల్‌లోని ప్లాస్టిసైజర్‌ని లాగేసి ప్రింటుని అట్టలా చేస్తాయి. కానీ పరుగు క్లబ్బు టీషర్టుని డ్రై క్లీనింగ్‌కి ఎవరిస్తారు? బ్రష్ వద్దని ఎక్కడా లేదు. మెలితిప్పి పిండొద్దని లేదు. ఎండ గురించి లేదు. మనుషులు రోజూ చేసే పని ఒక్కటీ అందులో లేదు.

ఇప్పుడు చీటీ మానేశాను. మెడ లోపల, లేబుల్ కింద, ప్రింటుగానే వేస్తున్నాను: "తిరగేసి ఉతకండి. చల్లనీళ్లు. ప్రింటు మీద బ్రష్, ఇస్త్రీ వద్దు." జెర్సీల మీద ఇంకో ముక్క: "సాఫ్ట్‌నర్ వద్దు." అంతకంటే ఎక్కువ రాస్తే చదవరు. మిగతావి చొక్కాలు తీసుకోవడానికి వచ్చినవాళ్లకి నోటితో చెప్తున్నాను. రాత్రంతా నానబెట్టొద్దు, అరగంట చాలు. మెలిపెట్టి పిండితే ప్రింటు సాగి బీటలు వారుతుంది, నొక్కి నీళ్లు కార్చండి. నీడలో, తిరగేసే ఆరెయ్యండి. డ్రయ్యరుంటే ఒక చుక్క బొమ్మున్న తక్కువ వేడి మీదే, తియ్యగానే దులిపి పరచండి, వేడిమీద ప్రింటూ ప్రింటూ ఆని ఉంటే అంటుకుంటాయి. అల్మారాలో మడతపెట్టేటప్పుడూ అంతే, ప్రింటు మీద ప్రింటు పడకుండా చూడండి.

ఆర్డరు తీసుకునేటప్పుడు అడిగే ప్రశ్న కూడా మారింది. డిజైను, సైజుల కంటే ముందు వీటిని ఎవరు ఉతుకుతారు, ఎలా ఉతుకుతారు అని అడుగుతున్నాను. రోజూ 60 డిగ్రీల్లో లాండ్రీకి వెళ్లే యూనిఫామ్ అయితే ప్రింటు వద్దు, ఎంబ్రాయిడరీ చేయించుకోండని పంపించేస్తున్నాను. ప్రతి లాటులో ఒక పీసు ఇంటికి తీసుకెళ్లి, ఐదు ఉతుకులయ్యాకే మిగతావి ప్యాక్ చేస్తున్నాను. తొందర ఆర్డర్లలో ఇది కుదరదు, అప్పుడు కనీసం ప్రోబ్ పెట్టి చూస్తాను.

హుడీలు ఇచ్చేటప్పుడు క్లబ్బావిడకి గులాబీ జెర్సీల సంగతి నేనే చెప్పాను, ఇంకా వెనక్కి రానివి కూడా కొన్ని అలా మారి ఉంటాయని. చూసి చెప్తానన్నారు. వారం తర్వాత తొమ్మిది తెచ్చారు. వాటిలో రెండు అసలు గులాబీయే కాదు, ముదురు నీలం జీన్సుతో కలిపి ఉతికి నీలపు మరకలు చేసుకున్నవి. "తొమ్మిదీ మార్చేస్తారా?" అని అడిగారు. ఏడు మార్చాను.